తన గుడ్డు తానే తినే కోడి

గుడ్డు తినడం మరిగిన కోడికి చాలామంది చెప్పే మొదటి వైద్యం కారం. గుడ్డుకు చిన్న బెజ్జం పెట్టి, లోపలి సొన ఒంపేసి, అందులో మిరపకారం కూరి, బెజ్జం మూసి మళ్లీ గంపలో పెట్టమంటారు. కోడి పొడుస్తుంది, నోరు భగ్గుమంటుంది, ఇక జన్మలో గుడ్డు జోలికి పోదని వాళ్ల లెక్క. జరిగేది వేరు. కోడి ఆ గుడ్డునూ పొడుస్తుంది, లోపలి కారమూ రుచి చూస్తుంది, మర్నాడు తాపీగా పక్క గుడ్డు దగ్గరికి వెళ్తుంది.

ఇందులో కోడి మొండితనమేమీ లేదు. మనకు మిరప మంట తెలిసేది నరాల కొసల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ వల్ల. ఒళ్లు కాలేంత వేడిని పసిగట్టి మెదడుకు చెప్పడం దాని అసలు ఉద్యోగం. మిరపలోని క్యాప్సైసిన్ దానికి అతుక్కుని, వేడి లేకుండానే వేడి కబురు పంపిస్తుంది. అందుకే కారం తింటే నోరు ‘కాలినట్టు’ ఉంటుంది. కోడికీ ఈ ప్రోటీన్ ఉంది, వేడి కూడా తెలుస్తుంది. కానీ క్యాప్సైసిన్ అతుక్కోవాల్సిన చోట దాని నిర్మాణం కొంచెం వేరు. కోడి ప్రోటీన్‌ను వేరుచేసి పరీక్షించి, క్యాప్సైసిన్‌కు అది స్పందించదని 2002లో తేల్చినవారు స్వెన్-ఎరిక్ జోర్ట్, డేవిడ్ జూలియస్. వేడినీ స్పర్శనూ గుర్తించే గ్రాహకాల మీద చేసిన కృషికి జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

మిరప మొక్క వైపు నుంచి చూస్తే ఇది చక్కటి ఏర్పాటు. ఎలుక జాతి జంతువులు విత్తనాన్ని కొరికి నాశనం చేస్తాయి. పక్షికి పళ్లు లేవు. అది పండును మింగి, విత్తనాన్ని చెక్కుచెదరకుండా దూరాన విసర్జిస్తుంది. మంట ఎలుకను తరుముతుంది, పక్షిని ఆపదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు వాళ్లతో మన గడ్డకు చేరిన ఈ పంట గుంటూరు యార్డుకు రాకముందే పక్షులతో ఒప్పందం కుదుర్చుకుంది. పండుమిరపకాయను చిలుక ఇష్టంగా తినగలిగేదీ ఆ మంట తెలియకపోవడం వల్లే.

మరి ఆవపిండి? ఆవ ఘాటు వేరే రసాయనానిది, దాన్ని గుర్తించే గ్రాహకమూ వేరు. పక్షులకు ఆ ఘాటు తగులుతుంది. కాబట్టి కారం కంటే ఆవ కొంత నయం. అయినా అది నిలకడైన మందు కాదు. 1971లో విల్‌కాక్సన్, డ్రాగోయిన్, క్రాల్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకలకూ కంజు పిట్టలకూ నీలిరంగు కలిపిన పుల్లటి నీళ్లు తాగించి, ఆ తర్వాత వాటికి ఒంట్లో బాగోకుండా చేశారు. కోలుకున్నాక ఎలుకలైతే పుల్లటి రుచికే భయపడ్డాయి. కంజులు మాత్రం రుచి కంటే నీలిరంగుకే ఎక్కువ జంకాయి. పగలు తిరిగే పక్షి తిండిని ముందు కంటితో ఎంచుకుంటుంది. ఆవపిండి కూరిన గుడ్డూ మామూలు గుడ్డూ కంటికి ఒకటే అయినప్పుడు, ఈ రోజు దెబ్బతిన్నా రేపు మరో గుడ్డు పొడవకుండా ఆగాల్సిన పని కోడికి లేదు.

శిక్షతో తేలే వ్యవహారం కాదు కాబట్టి కారణంతో మొదలుపెడదాం.

ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి

గంపలో గుడ్డు కనపడలేదంటే నేరం కోడిదే అనుకోనక్కర్లేదు. పాము గుడ్డును ఏకంగా మింగుతుంది. పెంకు ముక్క గానీ తడి గానీ మిగలదు, గుడ్డు అక్కడ ఎప్పుడూ లేనట్టే ఉంటుంది. కాకి సందు దొరికితే ఎత్తుకుపోతుంది. పందికొక్కు గుడ్డును దొర్లించుకుపోయి మూలన తింటుంది. ముంగిస గుడ్డును గట్టి చోటికేసి కొట్టి పగలగొడుతుంది.

కోడి చేసిన పనికి గుర్తులు వేరు. గడ్డి తడిసి ఉంటుంది, ఊకకు పచ్చసొన అంటి ఎండిపోతుంది, పెంకు చాలావరకు మాయమవుతుంది, లేదా చిన్న చిన్న పలుకులు మిగులుతాయి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ముక్కు. పచ్చసొన ముక్కు పక్కన, ముక్కు కింది ఈకల్లో ఎండి అతుక్కుంటుంది. పొద్దున్న గుడ్లు పెట్టే వేళ దాటగానే ఒక్కో కోడినీ పట్టుకుని చూస్తే దొరికిపోతుంది. పుంజును కూడా వదలొద్దు. గుడ్డు పెట్టేది పెట్టే అయినా, తినడానికి పుంజూ వెనకాడదు.

దొంగ దొరికాక కూడా తొందరపడొద్దు. నేరం ఒకరు మొదలుపెడితే అవకాశం ఇచ్చింది మరొకరు. చాలాసార్లు ఆ రెండోవారు కోడిని పెంచేవారే.

పెంకు కథ

ఏ కోడీ పుడుతూనే గుడ్డు తినేది కాదు. మామూలుగా ఇది మొదలయ్యేది ఎలాగో తనంతట పగిలిన ఒక గుడ్డుతో. సొన బయటికి కారుతుంది, కోడి రుచి చూస్తుంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పగిలిన గుడ్డు గూట్లో ఉంటే చీమలు వస్తాయి, వాసన వేరే జంతువులను పిలుస్తుంది. నల్లతల గల్ పక్షులు పిల్లలు బయటికి రాగానే పెంకులను గూటి నుంచి దూరంగా తీసుకెళ్లి పడేస్తాయని, పెంకు పక్కనే ఉంటే కాకులు గుడ్లను సులభంగా కనిపెడతాయని నికో టింబర్గెన్ 1962లో నిరూపించారు. గూడు శుభ్రం చేసుకోవడం పక్షికి ప్రాణావసరం. కోడి ఆ పని తినేయడం ద్వారా చేస్తుంది, పోయిన పోషకాలూ కొంత వెనక్కి వస్తాయి. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. గట్టిగా కనిపించే ఈ గుండ్రటి వస్తువులో తిండి ఉందని కోడికి తెలిసిపోతుంది.

కాబట్టి అసలు ప్రశ్న: మొదటి గుడ్డు ఎందుకు పగిలింది?

గుడ్డు తయారీకి ఒక రోజు పైన ఒకటి రెండు గంటలు పడుతుంది. అందులో పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరి పొర ఏర్పడడం నాలుగైదు గంటల్లో అయిపోతుంది. మిగిలిన 20 గంటలూ పెంకు కోసమే. పెంకులో 94 శాతానికి పైగా కాల్షియం కార్బొనేటే. ఒక్క గుడ్డుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. కోడి నెత్తురు మొత్తం కలిపినా ఏ క్షణంలోనైనా అందులో ఉండే కాల్షియం 30 మిల్లీగ్రాములకు మించదు. పెంకు పోసేటప్పుడు ఆ నిల్వ పావుగంటైనా నిలవదు. పేగులూ ఎముకలూ ఎప్పటికప్పుడు నింపుతుండాలి.

పెంకు ఎక్కువగా పోసేది రాత్రివేళ, కోడి ఏమీ తినని సమయంలో. అందుకని గుడ్లకు వచ్చే పెట్ట తొడ ఎముకల బోలులో మరో రకం ఎముకను కూడబెట్టుకుంటుంది. పగలు నింపుకుని రాత్రి తీసి వాడుకునే కాల్షియం ఖాతా అది. ఇలాంటి ఎముక జాడలే అమెరికాలోని మోంటానాలో దొరికిన టిరానోసారస్ తొడ ఎముకలో కనిపించాయని మేరీ ష్వైట్జర్ బృందం 2005లో ప్రకటించింది. సుమారు 6.8 కోట్ల ఏళ్ల కిందటి ఆ జంతువు గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతున్న ఆడదని వాళ్లు చెప్పింది ఈ ఆధారంతోనే.

ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. నాటుకోడి ఏడాదికి పెట్టేది సుమారు 60–70 గుడ్లు. పురుగూ పుట్రా, నత్తలూ ఏరుకు తింటూ ఆ కొద్ది గుడ్లకు కావాల్సిన కాల్షియం అది తెచ్చుకోగలదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని రూపొందించిన గ్రామప్రియ అంతకు రెండింతలకు పైగా పెడుతుంది. 2019 పశుగణనలో దేశంలో పెరటి కోళ్ల సంఖ్య దాదాపు 31.7 కోట్లు. అంతకు ముందరి గణనతో పోలిస్తే 45 శాతానికి పైగా పెరుగుదల. కోడి మారింది, గుడ్ల సంఖ్య మారింది. చాలా ఇళ్లలో వేసే మేత మాత్రం మారలేదు: గుప్పెడు నూకలు, కాస్త తవుడు, మిగిలిన అన్నం.

నూకల్లో కాల్షియం నామమాత్రం. తవుడు సంగతి ఇంకా తిరకాసు. అందులో భాస్వరం దండిగా ఉన్నా, చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉండి, ఉన్న కొద్ది కాల్షియాన్ని కూడా పట్టి ఉంచుతుంది. గుడ్లు పెట్టే కోడి దాణాలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉండాలి. అలాంటి దాణా రోజుకు వంద గ్రాములకు పైగా తింటేనే ఒంటికి పట్టేది రెండు గ్రాములు. అది అందకపోతే పెంకు పలచబడుతుంది, ఒక్కోసారి పెంకే లేని తోలుగుడ్డు పడుతుంది. గంపలోకి దిగిన మరో కోడి కాలు తగిలితే చాలు, చితికిపోతుంది. కోడికి మొదటి పాఠం అక్కడే.

మందు తేలిక. ఆల్చిప్పలు గానీ నత్తగుల్లలు గానీ పలుకులుగా దంచి, దాణాలో కలపకుండా విడిగా ఒక మూకుడులో పెట్టండి. కాల్షియం అవసరమైన కోడి తనే వెతుక్కుని తింటుంది, ముఖ్యంగా సాయంత్రం పూట. మరీ పొడి చేయొద్దు. కాస్త పెద్ద పలుకులైతే కందనకాయలో నిలిచి, రాత్రంతా నెమ్మదిగా కరుగుతూ పెంకుకు అందుతాయి. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులను కూడా ఎండబెట్టి పెట్టొచ్చు. అయితే వాటిని గుడ్డు ఆకారం పోల్చుకోలేనంతగా నలపాలి. సగం సగం పెంకులు అలాగే విసిరేస్తే గుడ్డును గుర్తుపట్టడం మనమే నేర్పినట్టు. తాంబూలం సున్నం మాత్రం పెట్టొద్దు, అది నోటినీ లోపలి పొరలనూ కాలుస్తుంది. లేయర్ దాణాను చిన్న పిల్లలకు వేయొద్దు, అవసరానికి మించిన కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

కొక్కెర తెగులు వచ్చి తేరుకున్న కోళ్లు, బాగా వయసు మీరిన కోళ్లు పలచటి, వంకర పెంకు గుడ్లు పెట్టడం మామూలే. వయసుతో గుడ్డు పెద్దదవుతుంది, దానికి అందే పెంకు సరుకు మాత్రం దాదాపు అంతే. అంత సరుకూ పెద్ద గుడ్డు చుట్టూ పరుచుకోవాలి కాబట్టి పెంకు పలచనవుతుంది.

మే నెల గుడ్డు

దాణా అంతా సరిగ్గానే ఉన్నా ఎండాకాలంలో గుడ్లు చితకడం ఎక్కువవుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. ఒళ్లు చల్లబరచుకోవడానికి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ ఊపిరితో పాటు నెత్తుట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పెంకు కాల్షియం కార్బొనేట్ కదా, అందులోని కార్బొనేట్‌కు మూలం ఈ కార్బన్ డయాక్సైడే. అది తరిగితే కాల్షియం ఎంత ఉన్నా పెంకు గట్టిగా కట్టదు. దానికి తోడు వేడికి కోడి మేత కూడా తగ్గిస్తుంది.

ఈ లెక్క సరైనదేనా అని 1985లో అమెరికా పరిశోధకులు తమాషా అయిన పద్ధతిలో పరీక్షించారు. వేడిలో ఉంచిన కోళ్లకు మామూలు నీళ్ల బదులు సోడా నీళ్లు తాగించారు. పోయిన కార్బన్ డయాక్సైడ్ కొంత అలా వెనక్కి అందింది, పెంకు నాణ్యత మెరుగుపడింది. మన పెరట్లో సోడా కొట్టాల్సిన పని లేదు. చెట్టు నీడ, పూటపూటకూ మార్చే చల్లటి నీళ్లు, తెల్లవారుజామునా సాయంత్రం చల్లబడ్డాకా మేత వేయడం చాలు. నీళ్ల తొట్టి ఎండలో ఖాళీగా ఉండడం ఇంకో ప్రమాదం. గుడ్డులోని సొనలో నాలుగింట మూడు వంతులు నీరే. దప్పికతో ఉన్న కోడికి పగిలిన గుడ్డు తిండే కాదు, తాగునీరు కూడా.

అలవాటు ఎలా గట్టిపడుతుంది

ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికా విద్యార్థి పిల్లులతో చేసిన ప్రసిద్ధ పరీక్షల కంటే ముందు కోడిపిల్లల మీదే ప్రయోగాలు చేశాడు. పుస్తకాలు నిలబెట్టి సందులు కట్టి, కోడిపిల్లలు దారి ఎలా కనుక్కుంటాయో చూశాడు. అతను అద్దెకున్న ఇంటావిడ కోడిపిల్లలకు ఒప్పుకోకపోతే, గురువు విలియం జేమ్స్ తన ఇంటి నేలమాళిగలో చోటిచ్చాడు. మేలు కలిగించిన పని మళ్లీ మళ్లీ జరుగుతుందనే సూత్రం 1898లో ప్రచురించిన ఈ కృషి నుంచే వచ్చింది. గుడ్డు తినే కోడి ఆ సూత్రానికి సజీవ సాక్ష్యం. పొడిచింది, సొన వచ్చింది, రేపు ఇంకా గట్టిగా పొడుస్తుంది.

అలవాటు ఆ ఒక్క కోడితో ఆగదు. కోళ్లు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి. ఇంగ్లండ్‌లో క్రిస్టీన్ నికోల్ చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, మందలో పెత్తనం చేసే కోడిని చూసి మిగతావి బాగా నేర్చుకుంటాయి. గుడ్లు తినేది మందలో పెద్దకోడి అయితే మిగతావి అందుకోవడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే అనుమానం వచ్చిన రోజే దాన్ని వేరే గంప కింద పెట్టడం మంచిది.

పొడవడం కోడికి దుర్గుణం కాదు, దాని వృత్తి. కోడికి మూలమైన అడవికోడి పగలు చాలా భాగం నేలను గీరుతూ పొడుస్తూ గడుపుతుంది. ముక్కు చివర నరాలు దట్టంగా ఉంటాయి, మనం వేళ్లతో తడిమి తెలుసుకునేది కోడి ముక్కుతో తెలుసుకుంటుంది. ఇరుకు గూట్లో పది కోళ్లను రోజంతా మూసిపెడితే ఆ ముక్కుకు పని ఉండదు. అప్పుడు పక్క కోడి ఈకలైనా, గంపలో గుడ్డైనా దాని పనికి వస్తుంది. రోజులో కొన్ని గంటలైనా బయట వదలాలి. వదలలేని చోట తోటకూర కట్టను అందీ అందని ఎత్తులో వేలాడదీయడం, ఎండుటాకుల పోగులో జొన్నలు చల్లడం మంచి వ్యాపకాలు.

గంప దగ్గర చేయాల్సినవి

నాలుగైదు కోళ్లకు ఒక గంప చొప్పున ఉండాలి. తక్కువైతే ఒకదానిలోకి రెండు మూడు దూరి తొక్కుకుంటాయి. అడుగు వెడల్పు, అడుగుకు మించిన ఎత్తు చాలు. నేలకు మూరెడు ఎత్తులో, కోళ్లు రాత్రి పడుకునే కర్ర కంటే కిందుగా పెడితే వాటిలో పడుకుని రెట్ట వేయవు. అడుగున నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి గానీ ఊక గానీ పరచాలి. గట్టి చెక్క మీద పడిన గుడ్డుకు బీట పడుతుంది.

గంప చీకటిగా ఉండాలి. కోడికి పగటి చూపు చురుకు, మసక వెలుతురులో చూపు తక్కువ. గంప ముందు గోనెపట్టను నిలువుగా చీల్చి వేలాడదీస్తే కోడి లోపలికి దూరుతుంది, గుడ్డు పెడుతుంది. అక్కడ నిలబడి గుడ్డును పరిశీలించే వీలు దానికి తగ్గుతుంది. వడ్రంగి అందుబాటులో ఉంటే గంప అడుగును కొద్దిగా వాలుగా చేయించి, గుడ్డు దొర్లి వెనక ఉన్న మూసిన అరలో పడేలా చూడొచ్చు. అలవాటు ముదిరిన మందకు ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు లేదు.

గుడ్లు ఎక్కువగా పడేది పొద్దున్నే. రోజుకొకసారి సాయంత్రం ఏరడం కంటే, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం లోపల మరోసారి ఏరాలి. పగిలింది కనపడితే ఆ గడ్డి మొత్తం తీసేసి కొత్తది వేయాలి. సొన వాసన మిగిలితే పాఠం మిగిలినట్టే.

ఉత్తుత్తి గుడ్లు

అలవాటు పడిన కోడిని మాన్పించడానికి చెక్క గుడ్డు, పింగాణీ గుడ్డు, నున్నటి తెల్లరాయి, గోల్ఫ్ బంతి లాంటివి గంపలో పెడతారు. ఇది కారం చిట్కాలాంటిది కాదు, దీనికి శాస్త్ర బలం ఉంది. ఎన్నిసార్లు పొడిచినా ఫలితం రాకపోతే పొడవడం క్రమంగా సన్నగిల్లుతుంది.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఎప్పుడూ ఫలితం రాని పనిని జంతువు త్వరగా మానుకుంటుంది. అప్పుడప్పుడూ ఫలితం వచ్చే పనిని మాత్రం ఎంతకీ వదలదు. ఇది బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో విస్తారంగా చూపించిన సంగతి. గంపలో రెండు ఉత్తుత్తి గుడ్లు పెట్టి, అసలు గుడ్లను సాయంత్రం దాకా వదిలేస్తే ఏమవుతుంది? కోడికి ఐదు పోట్లలో ఒక పోటుకు సొన దొరుకుతుంది. అలవాటు పోకపోగా మొండిదవుతుంది. కాబట్టి ఉత్తుత్తి గుడ్లు పెట్టిన రోజుల్లో అసలు గుడ్డు పడిన వెంటనే తీసేయాలి. అది కుదరకపోతే గంప అడుగు వాలుగా ఉండాలి. సగం సగం చేస్తే చేయకపోవడమే మేలు.

ఇవన్నీ చేసినా మానని కోడి ఎక్కడో ఒకటి ఉంటుంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టి చూసి, అప్పటికీ దారికి రాకపోతే దాన్ని మంద నుంచి తప్పించడమే మిగిలిన వాటికి క్షేమం. ముక్కు కోయించడం దీనికి జవాబు కాదు. నరాలున్న అవయవాన్ని కోస్తే మిగిలేది నొప్పి, పెంకు బలం మాత్రం పెరగదు.

మీ పెరట్లో గుడ్లు మాయమవుతుంటే ఈ వరుసలో చూసుకోండి: ముక్కు మీద సొన, మూకుడులో ఆల్చిప్పలు, తొట్టిలో నీళ్లు, గంపలో గడ్డి, గుడ్లు ఏరే వేళ. ఈ ఐదూ సరిచేశాక కత్తి దాకా పోవాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. ఈ ఐదూ వదిలేసి కత్తి పట్టుకుంటే, ఈ కోడి పోయాక పలచటి పెంకు గుడ్డు మరో కోడికి అదే పాఠం చెబుతుంది.